గురువుగారిని పరీక్షించడం పాపమా?

ప్రశ్న: నేను గుంటూరు జిల్లాలో ఒక హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఆరేళ్ళ క్రితం పది రోజుల విపశ్యన శిబిరంలో కూర్చున్నప్పటి నుంచి బౌద్ధం మీద శ్రద్ధ కుదిరింది. నాలుగేళ్ళుగా ఒక ఆచార్యుల దగ్గర నేర్చుకుంటున్నాను. ఆదివారం ఉదయం ఫోన్లో ప్రవచనం వింటాను, ఏడాదికి రెండు శిబిరాలకు వెళ్తాను. మొన్నటి శిబిరంలో, ధ్యానంలో కునుకుతున్న ఒక పెద్దావిడను ఆయన అందరి ముందూ కటువుగా మందలించారు. ఆవిడ తల దించుకొని బయటకు వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఆయన ఏం చెప్పినా నా చెవికి ఎక్కడం లేదు. తోటి సాధకులతో అంటే, గురువును శంకించడం మహాపాపమనీ, సంపూర్ణ శరణాగతి లేనిదే దారి తెరుచుకోదనీ అన్నారు. ఒక టిబెటన్ లామా ఉపన్యాసాలు కూడా వింటున్నానని తెలిసి, రెండు పడవల మీద కాళ్ళు పెట్టవద్దని ఒకరు హెచ్చరించారు. నేను చేస్తున్నది తప్పా? అసలు సరైన గురువును ఎలా తెలుసుకోవాలి?

సమాధానం: మిమ్మల్ని ముల్లులా గుచ్చుతున్నది ‘మహాపాపం’ అన్న మాట కనుక ముందు దాని సంగతి చూద్దాం. పాళీ భాషలోని బుద్ధుడి ఉపదేశాల సంకలనాలను నికాయాలంటారు. వాటిలో ఒకటైన మజ్ఝిమనికాయంలో 47వది వీమంసక సుత్తం. అందులో బుద్ధుడు భిక్షువులకు చెప్పేది ఇతర గురువులను పరీక్షించడం గురించి కాదు, తనను పరీక్షించడం గురించే. ఎదుటివాడి మనసులోకి తొంగిచూసే శక్తి లేని శిష్యుడు కంటికి కనిపించేవాటిని, చెవికి వినిపించేవాటిని పట్టుకొని తథాగతుణ్ణి, అంటే బుద్ధుణ్ణే, పరిశీలించాలని ఆయన అంటాడు. ఈయన నడతలో మలినమైనది ఏదైనా కనిపిస్తున్నదా, ఈ మంచితనం చాలాకాలంగా ఉన్నదా, నిన్న మొన్న వచ్చినదా, పేరు ప్రఖ్యాతులు వచ్చిన తరువాత ఏమైనా దోషాలు తలెత్తాయా, ఈయన నిగ్రహం భయం వల్ల కలిగినదా, రాగం నశించడం వల్ల కలిగినదా అని చూడమంటాడు. ఇవన్నీ చూశాక నేరుగా తననే అడగమంటాడు కూడా. సాక్షాత్తు బుద్ధుడే తనను ఇలా చూడమని పిలిచిన సంప్రదాయంలో ఉంటూ, ఒక ఆచార్యుణ్ణి చూడటం పాపమని మీ తోటివారు ఎక్కడి నుంచి తెచ్చారో నాకు అర్థం కాదు. బహుశా ‘గురుర్బ్రహ్మ గురుర్విష్ణుః’ అని చిన్నప్పటి నుంచి చదువుకున్న శ్లోకం నుంచే తెచ్చి ఉంటారు. ఆ భావనకు దాని గౌరవం దానికి ఉంది, కాని అది వేరే ఇంటి ఆచారం.

అయితే సందేహాలన్నీ ఒకటి కావు. పాళీలో విచికిచ్ఛ అని ఒక మాట ఉంది, అది ధ్యానానికి అడ్డుపడే ఐదు నీవరణాలలో ఒకటి. నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి ఏ దారీ పట్టకుండా, ఎవరినీ అడగకుండా, పొద్దు గుంకేదాకా అక్కడే తచ్చాడటం లాంటిది అది. వీమంస అంటే విచారణ, అది దారి తెలిసినవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి అడుగుతుంది. శిబిరం నుంచి వచ్చిన తరువాత మీరు ఆయన ప్రవచనం పెట్టుకొని, వినీ వినకుండా, లోపల ఆ దృశ్యాన్నే తిప్పి తిప్పి చూసుకుంటున్నారంటే అది మొదటిదానికి దగ్గరగా ఉంది. దాన్ని రెండోదిగా మార్చుకోవాలి.

శరణాగతి మాట కూడా చూద్దాం. మనం పలికే మూడు శరణాలలో మూడోది సంఘం. అక్కడ ఒక వ్యక్తి పేరు లేదు. టిబెటన్ సంప్రదాయంలో ఈ మూడింటికి ముందు గురువును కూడా చేర్చి నాలుగు శరణాలు చెప్పే ఆచారం ఉన్న మాట నిజమే. మీ స్నేహితులు విన్నది అదే కావచ్చు. కాని ఆ శరణం అభిషేకం, అంటే దీక్ష, తీసుకొని వజ్రయానమనే తాంత్రిక బౌద్ధ సాధనలోకి అడుగుపెట్టే శిష్యుడికీ అభిషేకమిచ్చే గురువుకూ మధ్య మాట. అశ్వఘోషుడి పేరిట ప్రసిద్ధమైన గురుపంచాశిక గురుభక్తి గురించి చాలా కఠినంగా మాట్లాడుతుంది, అయినా ఆ బంధంలోకి దిగకముందే గురువు శిష్యుణ్ణీ శిష్యుడు గురువునూ పరీక్షించుకోవాలని ఆ గ్రంథమే చెబుతుంది. ఆ పరీక్షకు పన్నెండేళ్ళు పట్టినా పట్టనివ్వమని లామాలు అంటూ ఉంటారు. గురువు ఏమన్నా పడాలనడానికి టిబెట్ గురువు మార్పా తన శిష్యుడు మిలారెపా చేత ఒంటరిగా రాతి బురుజులు కట్టించి, కూల్పించి, మళ్ళీ కట్టించిన కథను ఉదాహరణగా చెప్పేవాళ్ళు ఒక సంగతి మరచిపోతారు. మిలారెపా అంతకు ముందు క్షుద్రవిద్యతో పెళ్ళి విందులో ఇల్లు కూల్చి ముప్పై ఐదుగురి ప్రాణాలు తీసినవాడు. ఆ మందు ఆ రోగానికి ఇచ్చినది. మధ్యాహ్నం అన్నం తిని ధ్యానంలో కూర్చుని కునికిన పెద్దావిడకు అది వర్తించదు.

2006 జనవరిలో అమరావతిలో దలై లామా కాలచక్ర అభిషేకం ఇచ్చినప్పుడు మన జిల్లాల నుంచి కూడా జనం వెళ్ళి చూసి వచ్చారు. చూసి వచ్చినవాళ్ళంతా ఆయన శిష్యులైపోలేదు కదా! అలాగే ఫోన్లో లామా ఉపన్యాసం విన్నంత మాత్రాన మీరు ఆయనకు మాట ఇచ్చినట్టు కాదు. మీ ఆచార్యులతో మీకున్నదీ, మీ ఉత్తరాన్ని బట్టి, అభిషేక సంబంధం కాదు. పాళీ గ్రంథాలు దీనికి చక్కటి పేరు పెట్టాయి: కల్యాణమిత్రుడు. మంచి మిత్రులుండటం బ్రహ్మచర్య జీవితంలో, అంటే ధర్మసాధనలో, సగమని శిష్యుడు ఆనందుడు అన్నప్పుడు, అలా అనకు ఆనందా, అది సగం కాదు, మొత్తం అని బుద్ధుడు సరిదిద్దాడు. మిత్రుడన్న మాటలో మీ అవసరానికి తగినంత గౌరవమూ ఉంది, తగినంత చనువూ ఉంది.

ఇక సరైన గురువును ఎలా తెలుసుకోవాలన్న ప్రశ్న. దీనికి నాకు తెలిసిన అన్నింటిలోకీ గట్టి సమాధానం సంయుత్తనికాయంలోని ఒక చిన్న కథలో ఉంది. శ్రావస్తిలో సాయంత్రం పూట బుద్ధుడు వాకిట కూర్చుని ఉండగా కోసలరాజు ప్రసేనజిత్తు వచ్చి పక్కన కూర్చున్నాడు. అదే సమయానికి ఆ దారిన ఏడుగురు జటిలులు (జడలు కట్టిన తాపసులు), ఏడుగురు నిగంఠులు (జైన సన్యాసులు), ఏడుగురు దిగంబరులు, ఏడుగురు ఏకవస్త్రధారులు, ఏడుగురు పరివ్రాజకులు వెళ్తున్నారు. పెరిగిన గోళ్ళు, ఒళ్ళంతా పొడుగాటి వెంట్రుకలు, భుజాల మీద కావళ్ళు. రాజు చటుక్కున లేచి, ఉత్తరీయం సర్దుకొని, కుడి మోకాలు నేలకు ఆనించి, చేతులు జోడించి, ‘స్వామీ, నేను కోసలరాజు ప్రసేనజిత్తును’ అని మూడుసార్లు చెప్పుకున్నాడు. వాళ్ళు వెళ్ళిపోయాక బుద్ధుడి వైపు తిరిగి, లోకంలో అర్హతులంటూ, అంటే రాగద్వేషాలు నశించి విముక్తి పొందినవాళ్ళంటూ, ఎవరైనా ఉంటే వీళ్ళు వాళ్ళలోని వాళ్ళేనా అని అడిగాడు.

బుద్ధుడు అవుననలేదు, కాదనలేదు. పిల్లాపాపలతో సంసారం చేసుకుంటూ, కాశీ చందనం పూసుకుంటూ ఉండే నీబోటివాడికి ఆ సంగతి తెలియడం కష్టం మహారాజా అన్నాడు. ఆ మీదట నాలుగు మాటలు చెప్పాడు. ఒకరి శీలం కలిసి ఉంటే తెలుస్తుంది. నిజాయితీ వ్యవహారంలో తెలుస్తుంది. స్థైర్యం ఆపదలో తెలుస్తుంది. ప్రజ్ఞ చర్చలో తెలుస్తుంది. ప్రతి మాటకూ ఒక షరతు కూడా జోడించాడు: అదీ చాలాకాలానికి గానీ తెలియదు, గమనించేవాడికి గానీ తెలియదు, తెలివి ఉన్నవాడికి గానీ తెలియదు. అప్పుడు రాజు అసలు గుట్టు విప్పాడు. వాళ్ళంతా ఆయన గూఢచారులేనట. ఊళ్ళు తిరిగి సమాచారం తెస్తారు, తెచ్చాక ఆ దుమ్మూ మట్టీ కడుక్కొని, తలంటుకొని, గడ్డాలు గీయించుకొని, తెల్లబట్టలు కట్టుకొని హాయిగా భోగాలు అనుభవిస్తారు. తన జీతగాళ్ళకే మోకరిల్లి రాజు బుద్ధుణ్ణి పరీక్షించాడన్నమాట. ఆ సన్నివేశం చదివినప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది, ఆ వెంటనే నేను ఎందరి వేషాలకు మోకరిల్లానో గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోతుంది.

ఈ నాలుగింటినీ మీ నాలుగేళ్ళకు అన్వయించి చూడండి. ఆదివారం ఫోన్లో విన్న ప్రవచనాలు రెండు వందలైనా అవి కలిసి ఉండటం కిందికి రావు. ప్రవచనంలో ప్రజ్ఞ కూడా పూర్తిగా బయటపడదు, ఎందుకంటే అక్కడ మాట ఒక వైపు నుంచే వస్తుంది. చర్చ అంటే మీరు అడగాలి, ఆయన చెప్పాలి, ఆ జవాబు మీద మీరు మళ్ళీ అడగాలి. అప్పుడు ఆయన చిరాకు పడతారా, నాకు తెలియదని ఒప్పుకుంటారా, ప్రశ్నను పక్కదారి పట్టిస్తారా అన్నది చూడాలి. వ్యవహారం గురించి అంగుత్తరనికాయం ఇంకాస్త వివరంగా చెబుతుంది: ఆ మనిషి ఒకరితో ఒంటరిగా మాట్లాడేటప్పుడు ఒకలాగా, ఇద్దరితో ఇంకోలాగా, ముగ్గురితో మరోలాగా మాట్లాడుతున్నాడా, ముందు చెప్పినదానికీ తరువాత చెప్పినదానికీ పొంతన ఉందా అన్నది గమనించాలి.

నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం ఒక చిన్న విహారంలో వంటగది పనికి కొన్నాళ్ళు ఉన్నాను. అక్కడి పెద్ద భంతే (భిక్షువు) ప్రవచనం చెబితే నాకు నిద్ర వచ్చేది. గొంతు పైకి లేవదు, చెప్పినదే చెబుతారు. ఒకరోజు పదిన్నరకు గ్యాస్ అయిపోయింది, పప్పు సగం ఉడికి ఆగింది. మధ్యాహ్నం దాటితే భిక్షువులు భోజనం చేయరు కనుక వంటామె కళ్ళనీళ్ళ పర్యంతమైంది. భంతే వచ్చి గిన్నెలోకి చూసి, అరటిపళ్ళున్నాయా అని అడిగి, రెండు పళ్ళూ గుప్పెడు అటుకులూ తీసుకొని కూర్చున్నారు. తిన్నాక మొదట అడిగిన మాట, ‘నువ్వు తిన్నావా అమ్మా?’ అని. ఆయన ప్రవచనాలలో ఒక్కటీ నాకిప్పుడు గుర్తు లేదు. మైత్రీభావన మీద చదివిన పుస్తకాల కన్నా ఆ పూట నాకు ఎక్కువ నేర్పింది.

ఇప్పుడు మీ శిబిరంలో జరిగినదానికి వద్దాం. గురువు ఎన్నడూ కటువుగా మాట్లాడకూడదా? ఈ ప్రశ్ననే ఉచ్చుగా పన్ని నిగంఠ నాథపుత్రుడు (జైనుల మహావీరుడు) అభయరాజకుమారుణ్ణి బుద్ధుడి దగ్గరకు పంపాడు. ఆ సమయంలో అభయుడి ఒడిలో పసిపిల్లవాడున్నాడు. ఆ పిల్లవాడు నీ ఏమరుపాటు వల్లనో దాది ఏమరుపాటు వల్లనో ఒక పుల్లనో గులకరాయినో నోట్లో పెట్టుకుంటే నువ్వేం చేస్తావని బుద్ధుడు అడిగాడు. తీసేస్తాను, తేలిగ్గా రాకపోతే ఎడమచేత్తో తల పట్టుకొని, కుడిచేతి వేలు కొక్కెంలా వంచి, నెత్తురు వచ్చినా సరే తీసేస్తాను, ఎందుకంటే వాడి మీద నాకు జాలి ఉంది అన్నాడు అభయుడు. మాట నిజమై, మేలు చేసేదై ఉండి, వినడానికి చేదుగా ఉన్నా, తథాగతుడు సమయం చూసి చెబుతాడన్నాడు బుద్ధుడు. కనుక కటువుదనం ఒక్కటే దోషం కాదు. నిజం, మేలు, సమయం అనే మూడింటినీ కలిపి చూడాలి. ఆవిడ కునికిందన్నది నిజమే కావచ్చు. అందరి ముందూ అనడం ఆవిడకు ఏ మేలు చేసింది, ఆ క్షణమే ఎందుకు అన్న రెండు ప్రశ్నలూ మిగిలి ఉన్నాయి.

పోల్చుకోవడానికి సరిగ్గా ఇలాంటి సందర్భమే మరొకటి నికాయాలలో ఉంది. మగధలోని ఒక పల్లెలో బుద్ధుడి ముఖ్యశిష్యుడు మోగ్గల్లానుడు ధ్యానంలో కూర్చుని కునికిపాట్లు పడుతుంటే బుద్ధుడు వెళ్ళి, ‘కునుకుతున్నావా మోగ్గల్లానా?’ అని అడిగాడు. ఔను భంతే అన్నాడాయన. అప్పుడు బుద్ధుడు వరసగా ఉపాయాలు చెప్పాడు. ఏ తలపు మీద ఉండగా మగత వచ్చిందో ఆ తలపును వదిలెయ్యి. పోకపోతే విన్న ధర్మాన్ని మనసులో విచారించు. పోకపోతే పైకి వల్లించు. పోకపోతే రెండు చెవులూ లాక్కొని ఒళ్ళు రుద్దుకో. పోకపోతే లేచి, కళ్ళు నీళ్ళతో కడుక్కొని, నాలుగు దిక్కులూ చూసి, నక్షత్రాలను చూడు. పోకపోతే వెలుతురును భావించు. పోకపోతే అటూ ఇటూ నడువు. అప్పటికీ పోకపోతే కుడివైపు తిరిగి, ఎప్పుడు లేవాలో మనసులో అనుకొని, పడుకో. ఆ చిట్టచివరి మాట చూడండి, ఇక పడుకోమనే చెప్పాడు! శిష్యుణ్ణి తన చెవులు తాను లాక్కోమన్నాడే గానీ, మనం బడుల్లో చేసినట్టు వాడి చెవి పట్టుకొని లాగలేదు. టీచర్లు కనుక ఈ తేడా మీకు నాకన్నా బాగా తెలుసు.

ఈ కొలతతో చూస్తే మీ ఆచార్యులు ఆ రోజు తప్పారనే నా అభిప్రాయం. కాని ఒక్క తప్పుతో నాలుగేళ్ళ చదువు వ్యర్థమైపోదు, ఆయన అబద్ధపు గురువూ అయిపోరు. ఆయన నడత పొడుగునా అదే తీరుగా ఉందా, ఆనాటికి మాత్రమేనా అన్నది మీరు కనుక్కోవలసిన విషయం. కనుక్కోవడానికి ఆయననే అడగండి. ఇది ధిక్కారమని భయపడకండి. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో ఉపాధ్యాయుడి పట్ల శిష్యుడి విధులు పెద్ద జాబితాగా ఉంటాయి. తెల్లవారే లేచి పళ్ళపుల్ల ఇవ్వడం, ముఖం కడుక్కోవడానికి నీళ్ళివ్వడం, ఆసనం వెయ్యడం, గది ఊడవడం అన్నీ అందులో ఉన్నాయి. అదే జాబితాలో, ఉపాధ్యాయుడికి తప్పుడు దృష్టి కలిగితే శిష్యుడు దాన్ని తొలగించడానికి ప్రయత్నించాలన్నది కూడా ఉంది. నీళ్ళందించడం ఎంత సేవో అదీ అంతే సేవ. ఉపాధ్యాయుడు శిష్యుణ్ణి కొడుకులా, శిష్యుడు ఉపాధ్యాయుణ్ణి తండ్రిలా చూసుకోవాలనీ, శిష్యుడు జబ్బుపడితే ఉపాధ్యాయుడు సేవ చేయాలనీ అక్కడే ఉంది. సేవ రెండువైపులా నడిచే బంధం అది.

అడిగే పద్ధతి మాత్రం చూసుకోండి. వాట్సాప్ గ్రూపులో వద్దు, ప్రవచనం మధ్యలో వద్దు. ఒంటరిగా సమయం అడిగి, నేను చూసినది ఇది, నా మనసులో ఇది మిగిలింది, మీరు ఏ ఉద్దేశంతో అన్నారో తెలుసుకోవాలని ఉంది అని చెప్పండి. తీర్పు చెప్పినట్టు కాకుండా, మీ క్లాసులో మంచి విద్యార్థి లేచి సందేహం అడిగినట్టు అడగండి. ఆయన ఇచ్చే జవాబు కన్నా, జవాబు ఇచ్చే తీరు మీకు ఎక్కువ చెబుతుంది. ఔను, తొందరపడ్డాను అంటే మీకు మంచి గురువు దొరికినట్టే. నన్ను ప్రశ్నించే స్థాయి నీకెక్కడిది అంటే అప్పుడు ఆలోచించాలి. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. డబ్బు విషయంలో, స్త్రీల విషయంలో తప్పు జరిగినా, ఇది బయట ఎక్కడా చెప్పకు అని శిష్యులను కట్టడి చేసినా, అక్కడ ఇంత నిదానం అక్కరలేదు, వెంటనే బయటకు రావాలి, బయటకు చెప్పాలి కూడా. 1993లో ధర్మశాలలో దలై లామాతో సమావేశమైన పాశ్చాత్య బౌద్ధ గురువులు, ఆచార్యుల అనైతిక ప్రవర్తనను శిష్యులు నిలదీయాలని బహిరంగ లేఖలోనే రాశారు. బుద్ధుడు చివరి రోజుల్లో ఆనందుడితో, ధర్మం విషయంలో తథాగతుడికి గురువు మూసిపెట్టుకునే గుప్పిట లేదు అన్న మాట కూడా గుర్తుంచుకోండి.

రెండు పడవల సంగతి మీద నాది కొంచెం నడిమి దారి. సాధన వరకు మీ మిత్రుల మాటలో సత్యం ఉంది. మీరు మొదట కూర్చున్న శిబిరంలో విపశ్యన నేర్పిన గోయెంకాగారి గొంతు, సాధనా పద్ధతులను కలపవద్దని చెప్పి ఉంటుంది. శ్వాస మీద నిలిచే మనసును వారం తిరక్కముందే మంత్రం మీదికి, ఆ పై వారం మరో దాని మీదికి మారిస్తే ఏదీ లోతుకు దిగదు. నాలుగు చోట్ల నాలుగడుగుల చొప్పున తవ్వితే బావి పడదని రైతులకు తెలుసు. కాని వినడం, చదవడం వేరు. గౌతముడు మొదట ఆళార కాలాముడి దగ్గర నేర్చుకున్నాడు, ఆయనకు తెలిసినదంతా పట్టుబడ్డాక అది చాలదని గ్రహించి ఉద్దక రామపుత్రుడి దగ్గరకు వెళ్ళాడు, అక్కడి నుంచీ కదిలాడు. ఇద్దరిలో ఎవరినీ నిందించలేదు. బోధి కలిగిన తరువాత, ఈ ధర్మాన్ని ముందు ఎవరికి చెప్పాలని ఆలోచిస్తే ఆయనకు తోచిన మొదటి ఇద్దరూ ఆ పాత గురువులే. ఒకరు ఏడు రోజుల ముందు, మరొకరు ముందు రాత్రే పోయారని తెలిసి, వాళ్ళకు పెద్ద నష్టం జరిగిందే అనుకున్నాడు. గురువును వదిలిపెట్టడమంటే ఏమిటో, ఆ ఋణం మరచిపోకపోవడమంటే ఏమిటో రెండూ ఆ ఒక్క ఘట్టంలో ఉన్నాయి.

మీ ఆచార్యులను అడగవలసిన మరో ప్రశ్న, వారి గురువు ఎవరని. జగ్గయ్యపేటలో దొరికిన ఒక శాసనంలో, బుద్ధ ప్రతిమ చేయించిన చంద్రప్రభుడు తాను జయప్రభాచార్యుడి శిష్యుణ్ణనీ, ఆయన భదంత నాగార్జునాచార్యుడి శిష్యుడనీ చెక్కించుకున్నాడు. లిపిని బట్టి అది సుమారు ఆరో శతాబ్దం నాటిది కనుక ఆ నాగార్జునుడు మాధ్యమిక దర్శనకారుడేనా అన్నది వేరే చర్చ. విగ్రహం చేయించినవాడు తన పేరుకన్నా ముందు గురువు పేరూ, ఆ గురువు గురువు పేరూ రాయించాడన్నది నాకు ముఖ్యం. గోయెంకాగారు కూడా తనకు బర్మాలో నేర్పిన ఊ బా ఖిన్‌ను తలచుకోకుండా ఉండేవారు కాదు. తనకు గురువులే లేరన్నట్టు మాట్లాడే ఆచార్యుడి దగ్గర ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. బోధి పొందిన కొత్తలో బుద్ధుడే ‘నాకు ఆచార్యుడు లేడు’ అన్నాడు కదా అంటారేమో, ఆ మాట విన్న ఉపకుడనే ఆజీవకుడు (మరో శాఖ సన్యాసి) ‘కావచ్చునేమోలే’ అని తల ఊపి పక్కదారిన వెళ్ళిపోయాడు.

మిగిలినది మీ వంతు. జీవితమంతా పండితుడి పక్కన ఉన్నా మూఢుడికి ధర్మం తెలియదు, గరిటెకు పులుసు రుచి తెలియనట్టు అని ధమ్మపదంలో ఉంది. నాలుకకైతే ఒక్క క్షణం చాలునని ఆ తరువాతి గాథ. నాలుగేళ్ళలో మీ కోపం ఏమైనా తగ్గిందా, పిల్లల మీద విసుగు తగ్గిందా, ఒంటరిగా అరగంట కూర్చోగలుగుతున్నారా అన్నది ఒక కాగితం మీద రాసి చూసుకోండి. తగ్గి ఉంటే ఆ పులుసులో ఉప్పు ఉన్నట్టే, వండినవారి లోపాలు ఏవైనా సరే. వచ్చే శిబిరానికి రెండు రోజులు ముందుగా వెళ్ళి వంటగదిలోనో, సాధకులను చేర్చుకునే బల్ల దగ్గరో సేవ తీసుకోండి, అక్కడ మీకు కలిసి ఉండటం, వ్యవహారం రెండూ కనిపిస్తాయి.

అంతకన్నా ముందు చేయవలసినది ఒకటుంది. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆచార్యులు ఏమన్నారో, మీకేమనిపించిందో, స్నేహితులు ఏమన్నారో అన్నీ రాశారు. ఆ పెద్దావిడ తరువాత ఏమన్నదో ఎక్కడా లేదు. ఆవిడ ఎక్కడుంటుందో, ఆ రోజు ఎందుకంత అలసిపోయిందో, ఆచార్యులు తరువాత ఆవిడతో ఏమైనా మాట్లాడారో లేదో ఎవరూ అడిగినట్టు లేదు. శిబిరం నిర్వాహకుల ద్వారా ఆవిడ నంబరు కనుక్కొని, ఈ ఆదివారం ప్రవచనం అయ్యాక ఒకసారి ఫోన్ చేసి, ఎలా ఉన్నారమ్మా అని అడగండి.